టీ కొట్టులోకి దూరిన పంటు

కొత్తగా ఆటల ప్రోగ్రామింగులోకి వస్తున్న పిల్లలకి నేను మొట్టమొదట చెప్పే మాట ఒకటే. తెర మీద ఏదీ కదలదు. బంతి కదలదు, కారు కదలదు, పడవ కదలదు. సెకనుకి పాతికసార్లు పాత బొమ్మని తుడిచేసి, కాస్త పక్కగా కొత్త బొమ్మ వేస్తాం. చూసేవాళ్ల కన్ను దాన్ని కదలిక అనుకుంటుంది. ఈ మాట ఇప్పటికి కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తూనే ఉంటుంది. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ పిచ్చి తగ్గలేదు.

ఆ బొమ్మని ఎటు జరపాలో, అసలు జరపాలో వద్దో చెప్పేది ఒక చిన్న గుర్తు. దానికి ఔను, కాదు అనే రెండే జవాబులు తెలుసు. మా పనిలో దాన్ని ఫ్లాగ్ అంటాం. కదులుతోందా? ఔను. కుడి వైపుకేనా? కాదు. అంతే. ఆ రెండు జవాబులు చాలు, తెర మీద ఒక పడవని గోదావరి దాటించెయ్యొచ్చు.

నా ప్రమోషన్ల గురించి రాయను. చెప్పుకోదగ్గవి పెద్దగా లేవు, ఉన్నా మీకు పనికిరావు. మీకు పనికొచ్చేవి నా తప్పులు. వాటిల్లో ఒకదాని వల్ల ఒక అమ్మాయి ఉద్యోగం ఊడబోయింది. అది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

బంతి వెనక్కి వచ్చింది

నేను సామర్లకోటలో లెక్కల టీచర్ని. తొంభైల మొదట్లో, ముప్పై దాటాక, కాకినాడలో కంప్యూటరు కోర్సులో చేరాను. ఈ వయసులో ఇదేంటి అని మా ఆయన నోటితో అనలేదు గానీ, ఆయన మొహం అంది.

అక్కడ మేం ఇరవై మందిమి, మిషన్లు మూడు. ప్రోగ్రాం మొత్తం కాగితం మీద రాసి, చేత్తో నడిపి చూపిస్తే గానీ మా మాస్టారు మిషను ముట్టుకోనిచ్చేవారు కాదు. అప్పట్లో ఆయన్ని మనసులో బాగా తిట్టుకున్నాను. కాగితం మీద నడిపి చూసే అలవాటు ఉన్నవాళ్లే ఈ పనిలో నిలబడతారని తర్వాత తెలిసింది. ఆ అలవాటు నేను మధ్యలో వదిలేశాను కూడా. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

నా మొదటి ప్రోగ్రాం ఒక తెల్లటి బంతి. ఎడమ నుంచి కుడికి వెళ్లి, తెర చివర మాయమైపోయేది. దాన్ని వెనక్కి రప్పించాలి. రెండు రోజులు రైల్లో కూర్చుని ఆలోచించాను. మూడో రోజు ఒక్క లైను తట్టింది. బంతి అంచుకి చేరితే, ఫ్లాగ్ ఎలా ఉంటే దానికి ఎదురు చెయ్యి. కుడి అని ఉంటే ఎడమ అవుతుంది, ఎడమ అని ఉంటే కుడి అవుతుంది. రెండు గోడలకీ ఒకటే లైను.

బంతి గోడకి తగిలి వెనక్కి వచ్చింది. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"మాస్టారూ, వెనక్కి వస్తోందండి."

"వస్తుందమ్మా. రమ్మని నువ్వే రాశావు కదా," అన్నారాయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

నేను రాశాను, అది వచ్చింది. ఆ రోజు సామర్లకోట దాకా పాసింజర్లో నిలబడే వచ్చాను, సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. ఆ ఒక్క లైనంటే నాకు ఎంత మురిపెమో చెప్పలేను. తర్వాత పదేళ్లపాటు, ఏ ప్రోగ్రాం రాసినా ఏదో ఒక మూల దాన్ని పెట్టేదాన్ని.

కింద పడని గింజ

రెండు వేల సంవత్సరం దాటాక రాజమండ్రిలో ఒక చిన్న ఆఫీసులో కుదిరాను. బట్టల కొట్టు మీద మేడ గది. పిల్లల ఆటలు, చదువు బొమ్మలు సీడీలుగా చేసేవాళ్లం. యజమాని వెంకటరత్నం గారు. వాళ్లది తరతరాలుగా కిరాణా హోల్‌సేల్. ఆయన కంప్యూటరు ఆటల వ్యాపారం పెడుతున్నారంటే మెయిన్ రోడ్డంతా నోళ్లు నొక్కుకుంది. ఆయన మా దగ్గరికొచ్చి ఎన్నడూ ప్రోగ్రాం ఎంతదాకా వచ్చిందని అడగలేదు. "సరుకు చూపించండి టీచర్ గారూ" అనేవారు. కుర్చీలో కూర్చుని, ఒక్క వేలితో ఆట ఆడి, ఎక్కడ తేడా ఉందో అక్కడే ఆగేవారు. ఆయన కన్నుకి అందని తప్పు ఉండేది కాదు.

మొదట్లో మండపేటలో ఒక రైస్ మిల్లు వాళ్లకి తెర మీద నడిచే ప్రకటన చేశాను. ఒకవైపు ధాన్యం పోస్తే, ఇంకోవైపు బియ్యం బస్తాలోకి రావాలి, బస్తా నిండాక జరిగిపోవాలి. నిండుతోందా అని ఒక ఫ్లాగ్, కదులుతోందా అని ఇంకొకటి పెట్టాను. ఒకటి ఔనైతే రెండోది కాదు కావాలని నా మనసులో ఉంది. మిషనుకి చెప్పలేదు. రెండూ ఔనైపోయాయి. బస్తా నిండుతూనే నడిచి వెళ్లిపోయింది, బియ్యం నేల మీద పోసుకుంటూ.

మిల్లు యజమాని చూసి ఒకే మాట అన్నారు. "మా మిల్లులో గింజ కింద పడదండి."

నవ్వొచ్చింది గానీ, సిగ్గేసింది. కలిసి ఉండకూడని రెండు ఔనులుంటే, అవి కలవకుండా చూడాల్సింది మీరే. ఎవరో చూస్తారులే అనుకోకండి.

పంటు

ఇక అసలు సంగతి. కాకినాడలో కొన్ని స్కూళ్లు నడిపే వాళ్లు జూన్లో బడులు తెరిచేసరికి తమ కంప్యూటరు గదులకి ఒక ఆట కావాలన్నారు. పంటు ఆట చేద్దామన్నాను నేను. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన చేర్చి, పైన చెక్కలు పరిచి, లారీలూ మనుషులూ గేదెలూ అన్నిటినీ గోదావరి దాటించే పంటు మా వైపు పిల్లలందరికీ తెలుసు. దాన్ని సఖినేటిపల్లి రేవు నుంచి నర్సాపురం రేవుకి, మళ్లీ వెనక్కి నడపడమే ఆట. వెంకటరత్నం గారికి నచ్చింది.

పంటు నడక నేను రాశాను. నా ముద్దుల లైను అందులో ఉంది. ఒడ్డు చేరితే, ఎటు వెళ్తున్నావో దానికి ఎదురు తిరుగు.

గాలి రాసింది శ్రీవల్లి. అప్పటికి చేరి నాలుగు నెలలు, ఆరు నెలలు నిండితే గానీ ఉద్యోగం ఖాయం కాదు. వాళ్ల ఊరు సఖినేటిపల్లి పక్కనే, నాన్నగారు అర్చకులు. మాట తక్కువ. ఆ అమ్మాయి పెట్టిన గాలి చూసి నేను అదిరిపోయాను. తూర్పు నుంచి గాలి విసిరితే కొబ్బరాకులు ఒక పక్కకి వాలేవి, నీళ్లు మెరిసేవి, పంటు నడిగోదాట్లో నర్సాపురం వైపుకి జరిగిపోయేది, ఆడే పిల్లలు సర్దుకోవాల్సి వచ్చేది. అప్పటిదాకా బొమ్మలా ఉన్నదానికి ప్రాణం వచ్చింది. నర్సాపురం రేవులో ఒక టీ కొట్టు కూడా గీసింది, బల్లా గ్లాసులతో సహా.

గాలి పెట్టిన వారానికి తప్పు బయటపడింది. అదీ వెంకటరత్నం గారు ఆడుతుండగా. తూర్పుగాలి గట్టిగా వీచే సమయానికి పంటు నర్సాపురం రేవు చేరింది. చేరి వెనక్కి తిరగలేదు. జ్వరమొచ్చినట్టు గడగడా వణకడం మొదలుపెట్టింది. వణుకుతూనే ఒడ్డెక్కింది, లారీలూ గేదెలూ మీద ఉండగానే. మెల్లగా టీ కొట్టులోకి దూరింది.

"పంటుకి టీ తాగాలనిపించిందేంటండి," అన్నారాయన. నవ్వలేదు.

తర్వాతి పదిహేను రోజులు ఎన్ని తంటాలు పడ్డా అది తగ్గలేదు. కొన్నిసార్లు బుద్ధిగా వెనక్కి తిరిగేది, కొన్నిసార్లు టీ కొట్టే. శుక్రవారం వెంకటరత్నం గారు నన్ను గదిలోకి పిలిచి, సోమవారం మధ్యాహ్నం స్కూళ్ల వాళ్లు చూడ్డానికి వస్తున్నారన్నారు. తప్పెవరిది అని అడిగారు.

నేను ఆలోచించలేదు. "గాలి పెట్టకముందు బాగానే నడిచిందండి," అన్నాను.

"అంటే ఆ అమ్మాయిది."

"అలాగే అనిపిస్తోందండి."

"అయితే గాలి తీసెయ్యండి. ఒకటో తారీకు నుంచి ఆ అమ్మాయి బదులు కాకినాడ నుంచి వేరే ఆయన వస్తారు, నేను మాట్లాడతాను. ఆదివారం మీరు వెళ్లి నిజం పంటు ఫొటోలు నాలుగు తీసుకురండి, సీడీ డబ్బా మీద వెయ్యడానికి."

నేను బయటికి వచ్చాను. శ్రీవల్లి తన మిషను ముందు వంగి ఏదో చూసుకుంటోంది. ఆదివారం వాళ్ల ఊరు వైపే వెళ్లాలని చెప్పాను. ఆ పిల్ల మొహం విప్పారింది. "అయితే మా ఇంట్లోనే భోజనం చెయ్యాలండి మేడమ్," అంది.

ఊరు పేరు

ఆదివారం వాళ్లమ్మగారు పనసపొట్టు కూర, మజ్జిగ పులుసు చేశారు. వడ్డిస్తూ అన్నారు, "మా అమ్మాయి ఎప్పుడూ మీ గురించే చెబుతుందండి. అంత పెద్ద పని తెలిసినావిడ కింద పని దొరకడం అదృష్టం అంటుంది. దాన్ని కొంచెం కనిపెట్టుకుని ఉండండి."

నా పెళ్లిలో కూడా నేను అంత తల దించుకుని భోంచెయ్యలేదు. రెండు రోజుల కిందట ఆ అమ్మాయి గురించి ఏం చెప్పి వచ్చానో నాకు తెలుసు. అయినా తప్పు తనదేనని ఇంకా నమ్ముతున్నాను, అందుకే నోరు మెదపలేదు.

భోజనాలయ్యాక రేవుకి వెళ్లి పంటు ఎక్కాం. గాలి బాగానే ఉంది. నేను ఫొటోలు తీస్తున్నాను. శ్రీవల్లి సరంగు గారి దగ్గర నిలబడింది. సరంగు అంటే పంటు నడిపించే పెద్ద. చిన్నప్పటి నుంచీ ఆయనకి తెలిసిన పిల్ల. నర్సాపురం రేవు దగ్గర పడగానే తాడు పట్టే మనిషి దూకి కట్టేశాడు. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. తాడు విప్పుతూ ఆ మనిషి "సఖినేటిపల్లి" అని గట్టిగా అరిచాడు. సరంగు కూడా "సఖినేటిపల్లి" అన్నాడు. ఇంజిను దగ్గర ఉన్నాయన కూడా అదే మాట అన్నాక పంటు కదిలింది.

ఊరికే అడిగాను. "అందరూ ఊరు పేరు ఎందుకు చెబుతారండి? ఉన్నవి రెండే ఒడ్డులు కదా. తిప్పు అంటే సరిపోదా?"

"తిప్పు అనం అమ్మగారూ. ఆ మాటే వాడం ఇక్కడ," అన్నాడు సరంగు.

"ఏం?"

"తిప్పు అని నేనంటానండి. గాలి హోరులో ఇంజినోడికి ఇనపడిందో లేదో అని ఇంకోసారి అంటాను. ఆడు అప్పటికే తిప్పి ఉంటాడు. మళ్లీ తిప్పేస్తాడు. అటూ ఇటూ తిరుగుతా గట్టుకి కొట్టేసుకుంటాం. ఊరు పేరు చెప్పామనుకోండి, పదిసార్లు చెప్పినా ఆ ఊరే కదండి."

నేను కెమెరా దించేశాను.

"మరి గాలి గట్టిగా ఉంటే?"

"ఆయ్. కట్టేశాక గాలితో మాకు పనేంటండి. తగ్గాకే ఇప్పుతాం."

సంచిలోంచి డైరీ తీసి, లారీ బానెట్ మీద పెట్టి రాయడం మొదలుపెట్టాను. పదేళ్ల కిందట మాస్టారు చేయించినట్టు, కాగితం మీద, ఒక్కొక్క బొమ్మా చేత్తో నడిపాను. పంటు ఒక్కో బొమ్మకి మూడు చుక్కలు జరుగుతుంది. గట్టి గాలి అయిదు చుక్కలు తోస్తుంది. ఒడ్డు దాటిందా? దాటింది. అయితే ఎదురు తిప్పు. తిప్పింది. కానీ గాలి ఇంకా ఒడ్డు మీదికే తోసింది. తర్వాతి బొమ్మ. ఒడ్డు దాటే ఉందా? ఉంది. అయితే ఎదురు తిప్పు. అంటే మళ్లీ టీ కొట్టు వైపే. సెకనుకి పాతికసార్లు నా లైను ఆ పంటుని తిప్పు, తిప్పు అంటూనే ఉంది. అదే ఆ వణుకు.

గాలిది తప్పు కాదు. గాలి లేని రోజుల్లో నా తప్పు కనపడలేదు, అంతే. నా బంతిని వెనక్కి రప్పించిన లైను, పదేళ్లు నేను ముద్దు చేసిన లైను, అది తప్పు.

ఎంత సంతోషమేసిందో ఏమని చెప్పను. తప్పు దొరికితే ఈ పనిలో ఉన్నవాళ్లకి కలిగే సంతోషం మీకూ తెలుస్తుంది, అది తప్పు ఎవరిదని చూడదు. గోదావరి మధ్యలో, గేదెల పక్కన నిలబడి, గట్టిగా నవ్వాను. శ్రీవల్లి కంగారుగా వచ్చి "ఏమైందండి మేడమ్" అంది.

"దొరికింది. రేపు చెబుతాను," అన్నాను. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. నవ్వు ఆగిపోయి, శుక్రవారం వెంకటరత్నం గారి గది గుర్తొచ్చింది.

సోమవారం

పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి ఫైలు తెరిచాను. నేను రాయాల్సింది నాలుగు లైన్లు. నర్సాపురం ఒడ్డు చేరితే, గమ్యం సఖినేటిపల్లి. సఖినేటిపల్లి ఒడ్డు చేరితే, గమ్యం నర్సాపురం. చేరగానే కట్టేశారా అన్న ఫ్లాగ్ ఔను. అది ఔనుగా ఉన్నంతసేపు గాలి లెక్కలోకి రాదు.

నా పాత లైను కోసం కిందికి వెళ్లాను. దాని నెత్తిన, మిషను చదవకుండా వదిలేసే వివరణ లైనులో, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగులో ఒక వాక్యం ఉంది. నేను రాసింది కాదు.

"ఇక్కడ తిప్పడం కరెక్టేనా? మేడమ్ గారిని అడగాలి."

పక్కన తారీకు వేసి ఉంది. పంటు మొదటిసారి టీ కొట్టులోకి దూరిన మర్నాటిది.

తప్పు ఎక్కడుందో ఆ పిల్లకి మర్నాడే తెలుసు. పదిహేను రోజులుగా తెలుసు.

పాత లైను తీసి కొత్తవి పెట్టాను. గాలి ఎంత పెంచినా పంటు రేవులో కుదురుగా ఆగింది. ఈ ముక్క ఒప్పుకోవాలి, అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. బాగైంది కదా, ఇంక ఎవరితో ఏం చెప్పాలి? చెప్పకపోతే నా పరువు నిలుస్తుంది. కానీ శుక్రవారం నేను వెంకటరత్నం గారి మనసులో ఒక ఔను పెట్టి వచ్చాను. ప్రోగ్రాం బాగుపడితే అది దానంతటదే కాదుగా మారదు. పెట్టినవాళ్లే వెళ్లి మార్చాలి.

ఆయన వచ్చేదాకా మెట్ల మీద నిలబడ్డాను.

"పంటు బాగైందండి. తప్పు నాది. శ్రీవల్లి గాలిలో తప్పేం లేదు."

"మొన్న మీరే కదండి ఆ అమ్మాయిదన్నారు."

"అన్నానండి. చూడకుండా అన్నాను."

ఆయన తాళాల గుత్తి జేబులో వేసుకున్నారు. "టీచర్ గారూ, మా కొట్లో బస్తాకి పురుగు పడితే అడుగు నుంచి చూస్తాం. నిన్న పైన పోసినదాన్ని అనం. మీరు అడుగు చూళ్లేదా?"

"చూళ్లేదండి."

"కాకినాడ ఆయనకి వద్దని నేను ఫోన్ చేస్తాను. కానీ ఈ మాట నాకు చెప్తే ఏం లాభమండి. ఆ అమ్మాయికి చెప్పండి."

మధ్యాహ్నం స్కూళ్ల వాళ్లు వచ్చారు. వాళ్లలో ఒక టీచరమ్మ ఆట ఆడింది. తూర్పుగాలి విసిరింది, కొబ్బరాకులు వాలాయి, నడి ఏట్లో పంటు జరిగింది, ఆవిడ కుర్చీ అంచుకి వచ్చేసింది. పంటు నర్సాపురం రేవు చేరి, తాడు పడి, చక్కగా ఆగింది. "ఈ గాలి ఎవరు పెట్టారండి, నిజంగా ఏటి మీద ఉన్నట్టుంది," అందావిడ. వెంకటరత్నం గారు నా వైపు చూశారు. నేను శ్రీవల్లి వైపు చూపించాను.

రెండుసార్లు

వాళ్లు వెళ్లాక శ్రీవల్లిని పక్కకి పిలిచి మొత్తం చెప్పాను. శుక్రవారం ఏమన్నానో కూడా చెప్పాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పు ఎక్కడుందో నీకు ముందే తెలుసు కదమ్మా. నన్ను ఎందుకు అడగలేదు?"

"మీరు బిజీగా ఉన్నారండి."

"పదిహేను రోజులా?"

"రెండుసార్లు వచ్చానండి మేడమ్. మీ కుర్చీ పక్కనే నిలబడ్డాను. మీరు స్క్రీన్ మీంచి తల తిప్పలేదు. మళ్లీ వెళ్లిపోయాను."

నాకు కాకినాడ మాస్టారు గుర్తొచ్చారు, పేపర్లోంచి తల ఎత్తకుండా జవాబిచ్చిన మనిషి. ఆయన తల ఎత్తలేదు గానీ, జవాబు చెప్పారు. నేను అదీ చెయ్యలేదు.

పిల్లలూ, ఫ్లాగుల గురించి మీకు ఇప్పుడు చాలా పుస్తకాలున్నాయి. తిప్పమని రాయకండి, ఎటు వెళ్లాలో పేరు పెట్టి రాయండి. అది ఏ పుస్తకమైనా చెబుతుంది. మీ కుర్చీ పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారన్నది మాత్రం ఏ ఫ్లాగూ మీకు చెప్పదు. తల తిప్పి చూడాల్సిందే.

ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు ఫైలు ఇంకోసారి తెరిచాను. నా పాత లైను పోయింది గానీ, దాని నెత్తినున్న శ్రీవల్లి వాక్యాన్ని నేను తీయలేదు. దాని కింద, అవే ఇంగ్లిషు అక్షరాలతో, నా జవాబు రాసి, పేరు పెట్టి మిషను ఆపేశాను.

"కరెక్టు కాదమ్మా. పదిహేను రోజులు ఆలస్యంగా చెబుతున్నాను."